ముళ్ళచెంచా గీతలు

తలుపు గంట మోగింది కానీ మనిషి లోపలికి రాలేదు.
గడప మీదే టోపీ తీసి నిలబడ్డాడు,
గిన్నెల కొట్టుకి మగవాడు ఒంటరిగా రావడం
ఏదో తప్పైనట్టు.

"అంటుకోనిది కావాలి" అన్నాడు.
"గుడ్డు. గుడ్డు అంటుకోకూడదు."

తిస్సా ఒడ్డున, సెగెద్‌లో,
ఇరవై ఆరేళ్ళుగా పెనాలు అమ్ముతున్నాను.
ఎవరొచ్చినా మొదట చెప్పేది ఒక్కటే:
మెరుపు చూసి కొనకండి, బోర్లించి చూడండి.
అడుగు బల్లపరుపుగా లేకపోతే
నూనె ఒక పక్కకే పారిపోతుంది
చెడ్డ సంసారంలో డబ్బులా.

వేలి కణుపుతో కొట్టి చూపించాను.
పలచటిది రేకుడబ్బాలా మోగింది.
మందమైనది
గొంతు సవరించుకుని ఊరుకుంది.
ఆయన షెల్ఫులో ఉన్నవన్నీ వరసగా కొట్టి విన్నాడు.
హ్యాండిల్ దగ్గర రివెట్లని బొటనవేలితో తడిమి
"మనిషి కొట్టినవి కావు" అన్నాడు చిన్నబుచ్చుకుని.
ముప్ఫై ఏళ్ళు వంతెనలకి రివెట్లు కొట్టిన చేతులవి,
నాకు తర్వాత తెలిసింది.

మందమైనదే తీసుకున్నాడు.
ట్రామ్ టికెట్ వెనక నా మాటలు రాసుకున్నాడు:
మంట చిన్నది. ఖాళీగా కాల్చకూడదు.
కాలే పెనం మీద చన్నీళ్ళు పోయకూడదు.
ఇనుము తగలకూడదు, చెక్క గరిటే.
గిన్నెల మధ్య పెడితే పాత గుడ్డ కప్పాలి.
"పసిపిల్లని సాకినట్టుందే."
"ఇలా చూసుకుంటే అయిదేళ్ళు వస్తుంది."
"అయిదేళ్ళు చాలు" అన్నాడు.
పెనం గురించే అనుకున్నాను.

నాలుగు నెలలకి మళ్ళీ గంట మోగింది.
న్యూస్ పేపర్ విప్పితే
నల్లటి పూత మీద గీతలు,
నాలుగేసి గీతలు పక్కపక్కనే,
ఎవరో పెనాన్ని దున్నినట్టు.

నేను ఊరుకునే మనిషిని కాను.
టికెట్ మీద రాసిచ్చిన మాట ఏమైంది,
చదువుకున్న కళ్ళేనా అవి, అని మొదలుపెట్టాను.
ఆయన టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు
నా మాటలు అయిపోయేదాకా.

"ఎటెల్కా" అన్నాడు అప్పుడు.

వారం మర్చిపోయింది, వీధి మర్చిపోయింది,
కొన్ని పొద్దుళ్ళు ఈయన పేరు కూడా.
కానీ పెనంలో గుడ్డు పడిన చప్పుడు వింటే
లేచి వస్తుంది.
సొరుగు లాగి ముళ్ళచెంచా తీసి
గరగరా కలుపుతుంది,
యాభై ఏళ్ళు ఇనప పెనంలో కలిపినట్టే.
"చెక్క గరిటె చేతిలో పెట్టి చూశాను.
అదేంటో తెలీనట్టు పక్కన పెట్టేసింది.
లాక్కోలేను కదమ్మా."

అదే పెనం ఇంకొకటి కావాలన్నాడు.
ఏడాదికి మూడు, లెక్క వేసుకునే వచ్చాడు,
నోట్లు మడతపెట్టి గుప్పిట్లో ఉన్నాయి.

నేను అమ్మలేదు.

వెనక గదిలో, ఎవరూ అడగని మూల,
బూడిదరంగు ఉక్కు పెనం ఒకటుంది. పలచన, తేలిక,
అందమన్న మాటే లేదు.
"ఇది అంటుకుంటుంది" అన్నాను.
ఆయన నవ్వాడు, మొదటిసారి.
"మొదట్లో. కిటికీ తెరిచి పొయ్యి మీద పెట్టండి.
అవిసె నూనె రాసి,
రాసింది పొరపాటైనట్టు మొత్తం తుడిచెయ్యండి.
పొగ వచ్చేదాకా కాల్చండి.
చల్లారాక మళ్ళీ. పదిసార్లు. విసుగొచ్చాక ఇంకోసారి."
"గీత పడితే?"
"పడనివ్వండి. మళ్ళీ నూనె రాయండి."
"తడి ఉంటే?"
"తుప్పు పడుతుంది. వెంటనే తుడిచి పొయ్యి మీద ఆరబెట్టండి."

ఈసారి ఏదీ రాసుకోలేదు.
ఇనుము సంగతి ఆయనకి నేను చెప్పేదేముంది.

గీతల పెనం తిరిగి పట్టుకెళ్ళలేదు.
కౌంటర్ వెనక మేకుకి తగిలించాను.
ధర ఎంతని ఇద్దరు అడిగారు కూడా.

మొన్న చేపల బజారులో కనిపించాడు.
కోటు నిండా కమురు వాసన,
చూపుడువేలికి కాలిన మచ్చ.
"జారుతోందా గుడ్డు?" అని కేకేశాను.
"సగం!" అన్నాడు జనంలోంచి.
"మిగతా సగం ఆవిడ గీకి తినేస్తోంది."